స్విచ్చి ముట్టుకోవద్దు

ఏసీ చూడమని షెడ్డు ముందు ఆపిన బండి తలుపు తీసి మెట్టు మీద ఒక కాలు పెట్టిందో లేదో ముబాషిరా ముక్కుకు ఆ వాసన తగిలింది. పాలు పొంగి మంట ఆరిపోయాక ఎవరూ చూసుకోకుండా వదిలేసిన వంటింటి వాసన. చాలా పలచగా ఉంది. ఇంకెవరైనా అయితే రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, ఏమీ లేదులే అని లోపలికి నడిచేవాళ్లు. ఆమె మాత్రం ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడిపోయింది. టార్చి బటన్ మీదున్న బొటనవేలు దానంతటదే పక్కకు జరిగింది. కార్ల ఏసీలో పోయాల్సిన గ్యాసుకు వాసన ఉండదు, వాసన వచ్చేది వంట గ్యాసుకు. ఈ బండిలో పొయ్యి ఉంది, సింకు ఉంది, మంచం ఉంది, వెనకాల చిన్న బాత్రూము కూడా ఉంది, ఇల్లొకటి లేచొచ్చి చక్రాల మీద కూర్చున్నట్టుంది, కాబట్టి వాసన ఆ పొయ్యి సిలిండరుదే అయి ఉంటుంది, యా అల్లా, దానిదే అయి ఉండాలి అనుకుంటూ కళ్లతో వెతికింది. సిలిండరు లోపల లేదు. బండిలో వచ్చినవాళ్లే దాన్ని తీసి షెడ్డు గోడ పక్కన, ఎండలో పెట్టి ఉన్నారు. మరి లోపల వాసన ఎందుకుంది?

"మీకూ వస్తా ఉందా?" అంది వెనక నుంచి ఆ బండిలో వచ్చిన అమ్మాయి. మనోజ్ఞ అని పేరు చెప్పింది. ముఖం కందిపోయి ఉంది, చున్నీ కొంగు తడిపి మెడకు చుట్టుకుంది. "కొమరోలు దాటినాక మొదలైందక్కా. డ్యాష్‌బోర్డు సందుల్లోంచి చల్లగాలి రావడం మానేసి ఈ వాసన వచ్చింది. నేనే ఏసీ ఆపించినా. రాజేష్ ఏమో పొయ్యి సిలిండరుదన్నాడు. తీసి బయట పెట్టినా పోలా."

డ్రైవరు రాజేష్ అప్పటికే అటు తలుపు నుంచి సీట్లోకి వంగి, "ఉండక్కా, ఆన్ చేసి చూపిస్తా," అంటూ తాళం చెవి మీద చెయ్యి వేశాడు. ముబాషిరా సీటు మీదుగా చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి అట్లా పట్టుకోవడం ఆమె బుద్ధెరిగాక అదే మొదటిసారి. పట్టుకున్నది తానేనని కూడా ఆమెకు వెంటనే తెలియలేదు. "ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు," అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్లీ అంది. "ఎవురూ ఏదీ ముట్టుకోవద్దండి. లైటు వద్దు, ఫోను వద్దు. తలుపులన్నీ బార్లా తీసి కిందికి దిగండి."

దిగలేని మనిషి ఒకరున్నారు. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, ముక్కులో సన్నటి పైపుతో పడుకున్న పెద్దాయన, మనోజ్ఞ తండ్రి రంగనాయకులు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసినాయన. బెంగళూరు ఆస్పత్రిలో చాలా రోజులుండి ఇంటికి పోతున్నాడు. అంబులెన్సులో పోనంటే పోనని పట్టుబట్టాడట, కూతురు ఈ బండిని అద్దెకు మాట్లాడింది. కొమరోలు దాటాక ఏసీ ఆగి, వడగాలి కొట్టి, ఆయన స్పృహ తప్పాడు. మళ్లీ తెలివి వచ్చింది కానీ పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే అంబులెన్సు ఘాటు రోడ్డులో యాక్సిడెంటు దగ్గరికి పోయిందన్నారు. గిద్దలూరు ఆస్పత్రికి పోదాం నాయనా అని కూతురు బతిమాలితే ఇంకో ఆస్పత్రి గడప తొక్కనన్నాడు. మంచం కాళ్ల దగ్గర ఆయనకు గాలి అందించే ఆక్సిజన్ మిషను డుగ్గు డుగ్గుమని కొట్టుకుంటోంది. ముబాషిరా కళ్లు ఆ మిషను దగ్గర ఆగిపోయాయి. దాంట్లో మోటారుంది. ఆపాలంటే స్విచ్చి నొక్కాలి, నొక్కితే నిప్పు మిణుగురు. ఆపకపోతే అది అట్లా ఆక్సిజన్ ఊదుతూనే ఉంటుంది. మంచం మీదాయనకు అది ప్రాణం, మంటకు మేత. ఏది ముందు? ఏది తక్కువ తప్పు? భర్త అల్తాఫ్ ఉంటే చెబుతాడు అనుకుంది, వెనక్కి తిరిగి చూస్తే అల్తాఫ్ అక్కడే ఉన్నాడు, తలుపుకు బారెడు దూరంలో. రెండు చేతులూ కడుపు దగ్గరికి లాక్కుని నిలబడి ఉన్నాడు. ఆ నిలబడడంలోనే ఆమెకు అర్థమైంది. అతనికీ వాసన తగిలింది.

"భేజ్ దే," అన్నాడు భార్యతో, వాళ్లకు అర్థం కాకుండా ఇంట్లో మాట్లాడుకునే భాషలో. పంపించెయ్. "మన వల్ల కాదని చెప్పు. పంపించెయ్, ముబాషిరా."

పంపించొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఈ సామాను మా దగ్గర లేదండీ అంటే చాలు. రాజేష్ సీట్లో కూర్చుంటాడు, తాళం తిప్పుతాడు, వాసన బండి లోపలే కూర్చుని వాళ్లతో పాటు కంభం రోడ్డు ఎక్కుతుంది. ఎక్కడో ఒకచోట ఉక్క తట్టుకోలేక ఏసీ ఒకసారి వేసి చూద్దామంటారు. ఏ దాబా దగ్గరో ఆపి ఎవరో బీడీ వెలిగిస్తారు. రేపు పేపర్లో చదివి, మన రైలు గేటు దగ్గర నుంచే పోయింది గదా అనుకుంటూ కూర్చోవాలి. "యాడికి పంపేది?" అంది తెలుగులోనే, అందరికీ వినపడేటట్టు. అల్తాఫ్ నాలుకతో పెదాలు తడుపుకుని చిన్నగా చెప్పాడు. "మిషను ఆపొద్దు. ముందు మనిషిని బయటికి తియ్యండి. చిన్న ఆక్సిజన్ సిలిండరు ఉంటే బయటికి వచ్చినాక తగిలించండి."

రాజేష్, మనోజ్ఞ చెరోవైపు పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ను దించుతుంటే ముబాషిరా కుర్చీ వెనక కాళ్లు మోసింది. మనిషిలో బరువు లేదు, చొక్కాలో ఎముకలు మాత్రమే ఉన్నాయి. ముక్కు పైపు తీసినప్పటి నుంచి మళ్లీ చిన్న సిలిండరు తగిలించేదాకా ఆయన నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, కూతురి భుజాన్ని గుడ్డ నలిపినట్టు పట్టుకున్నాడు. అత్త బాషాబీ గోనెసంచి తడిపి నీడలో కట్టింది, తాటాకు విసనకర్ర తెచ్చి విసరసాగింది. ఒకప్పుడు ఆడది పానా పట్టేది యాడన్నా చూసినావా అని కోడలితో నెలల తరబడి మాట్లాడని మనిషి. పెద్దాయన దగ్గాడు. ఆ దగ్గు ముబాషిరాకు తెలుసు. పైపైన వచ్చే దగ్గు కాదు, అడుగున రాయి దొర్లినట్టు వచ్చే దగ్గు. మార్కాపురంలో తన పుట్టింట్లో చీకటి పడితే గోడకు ఆనుకుని కూర్చునే తండ్రి, అబ్బా దగ్గు. పడుకుంటే ఊపిరాడదని అబ్బా అట్లా కూర్చునే నిద్రపోయేవాడు. పలకలు కోసే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కనురెప్పల వెంట్రుకల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. అమ్మీ చొక్కా ఉతికితే బకెట్టులో నీళ్లు పలక తుడిచిన నీళ్లలాగా అయ్యేవి. పిల్లగా ఉన్నప్పుడు ఆ నీళ్లలో వేలు పెట్టి గచ్చు మీద తన పేరు రాసేది, ఎండకు పేరు ఆరిపోయి బూడిద గీతలు మిగిలేవి. ఇప్పుడెందుకు ఇది గుర్తొస్తోంది, పని చూడు, పని.

పని అంటే ముందు ఆగడం. నాలుగు తలుపులూ తీసి, వెనక కిటికీలు తోసి, వడగాలి ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయేదాకా ఎవరూ దగ్గరికి పోకుండా కాచుకోవడం. నల్లమల వైపు నుంచి వచ్చే గాలి ముఖం మీద పెనం తెచ్చి పెట్టినట్టుంది. ఇంతసేపూ శాపనార్థాలు పెట్టిన ఆ గాలినే ఇప్పుడు ఇంకా గట్టిగా వీచమని వేడుకుంటోంది. అల్తాఫ్ చేతుల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. మూడు ఎండాకాలాల కింద, ఇదే షెడ్డు, ఇట్లాంటి మధ్యాహ్నమే, ఒక జీపు ఏసీ పైపు అతను విప్పాడు. ఏ గ్యాసు అని అడిగితే మామూలుదే అన్నారు తెచ్చినవాళ్లు. వాళ్లకు మాత్రం ఏం తెలుసు, ఎవరో పోశారు, చల్లగా ఉంది, చాలు. చవగ్గా వస్తుందని అసలు గ్యాసు బదులు వంట గ్యాసు లాంటిది ఎక్కించే షెడ్లు దారిపొడవునా ఉన్నాయి. పక్క బండికి ఛార్జింగు పెట్టిన బ్యాటరీ క్లిప్పును ఎవరో ఊడబెరికారు, అంతే. అంత చిన్న మిణుగురు. ఆమె ఇంటి దగ్గర చింతపండు పిసుకుతోంది. దబ్‌మని శబ్దం వచ్చింది, టైరు పేలిందేమో అనుకుంది. చేతులు కడుక్కుని కూడా వచ్చింది, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, తీరిగ్గా చేతులు కడుక్కుని వచ్చింది. వచ్చేసరికి అల్తాఫ్ షెడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాడు, ఎవరినో ఏదో ఇమ్మని అడుగుతున్నట్టు. అరవలేదు. ముబాషిరా, నీళ్లు వద్దులే, అన్నాడు. ఎందుకట్లా అన్నాడో అతనికీ గుర్తులేదు. కర్నూలు ఆస్పత్రిలో కట్లు మార్చేటప్పుడు మాత్రం అరిచాడు. వరండాలో నిలబడి ఆమె చెవులు మూసుకునేది. చేతులు మానాయి గానీ వేళ్లు ముడుచుకుపోయాయి, గ్లాసు పట్టుకోగలడు, పానా తిప్పలేడు. షెడ్డు మూసేద్దామన్నారు అందరూ. ఆమె మూయనివ్వలేదు. మొదట్లో అతను చెప్పింది విని టార్చి పట్టుకునేది, తర్వాత నట్టు పట్టుకుంది, తర్వాత ఎప్పుడో అతను చెప్పకముందే ఆమె చెయ్యి పోవడం మొదలైంది. కానీ ప్రతి బండికీ, ప్రతిసారీ, పైపు విప్పగానే వచ్చే ఆ మొదటి బుస్సు శబ్దానికి ఆమె గుండె ఒక లెక్క తప్పుతుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇంజను మూత ఎత్తి, పైపులో మిగిలిన గ్యాసును వదలడానికి పొడుగాటి రబ్బరు హోసు తగిలించింది. రెండో కొసను రాజేష్ చేత షెడ్డు వెనక బీడు మధ్యదాకా లాగించి, గాలి ఊరవతలికి వీచే వైపు పెట్టించింది. బ్యాటరీ వైరు తీసేద్దామా అని ఆలోచించి మానుకుంది, తీసేటప్పుడే మిణుగురు వస్తుంది, అల్తాఫ్ క్లిప్పు అట్లాగే గదా. వాల్వు పిసరంత తిప్పింది. హోసు లోపల పాము కదిలినట్టయింది. ఇంకొంచెం తిప్పాలా, ఇంతే ఉంచాలా, ఎక్కువ తిప్పితే ఒక్కసారిగా పోతుంది, తక్కువ తిప్పితే ఎంతసేపు నిలబడాలి ఇక్కడ, తన ఒంట్లోనే ఏమైనా ఉందా మిణుగురు, గాజులు, గాజులు తీసేసిందా, తీసేసింది. రోడ్డు వైపు నుంచి "ఆగు, యల్లన్నా, ఆడనే ఆగు," అని ఒక అరుపు వినపడింది. అల్తాఫ్ గొంతు. తాటిముంజల యల్లయ్య రోజూలాగే తోపుడుబండి నెట్టుకుంటూ షెడ్డు నీడకు వస్తున్నాడు, నోట్లో బీడీ ఎర్రగా ఉంది. అల్తాఫ్ పరుగెత్తి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. యల్లయ్య ఆ చేతులు చూశాడు, బీడీ తీసి చెప్పు కింద నలిపాడు, నలిపిన చోటే ఉమ్మి మళ్లీ నలిపాడు. ఏమైందని అడగలేదు. బండిని వెనక్కి తిప్పుకుని చాలా దూరం పోయి, ఎండలోనే నిలబడ్డాడు. ముబాషిరా ఊపిరి వదిలింది, వదిలిన ఊపిరి ఇంకా పూర్తిగా బయటికి రాకముందే ఆమె వీపు వెనక టక్‌మని ఒక శబ్దం వచ్చింది, గాలి తగిలింది, షెడ్డులో ట్యూబులైటు రెండుసార్లు మిణుక్కుమంది. పొద్దుటి నుంచి లేని కరెంటు వచ్చింది. పొద్దుట వేసిన ఫ్యాను స్విచ్చి వేసినట్టే ఉంది. బండికి బారెడు దూరంలో, ఇనుప రెక్కలు గడగడలాడిస్తూ ఫ్యాను తిరుగుతోంది.

అప్పుడు ఏమీ జరగలేదు. హోసు కొస దూరంగా ఉంది, గాలి అటే వీస్తోంది, ఇటు గ్యాసు లేదు, అందుకని ఏమీ జరగలేదు. ఆమె మాత్రం జరగబోయినదాన్ని చూస్తూనే ఉంది. నీలం మంట నేల మీద నీళ్లలాగా పారడం, తడి గోనెసంచి, కుర్చీలో పెద్దాయన, విసనకర్ర పట్టుకున్న అత్త, ఆ అమ్మాయి చున్నీ. ఊరందరికీ స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పిన మనిషి తన షెడ్డులో స్విచ్చి మరిచిపోయింది. వాల్వు మీద చెయ్యి బిగుసుకుపోయింది, వేలు ఒక్కటి కూడా రాలేదు. అల్తాఫ్ రోడ్డు మీద నుంచి నడిచి వచ్చాడు, ఫ్యాను ఆపలేదు, స్విచ్చి వైపు చూడను కూడా చూడలేదు. ఆమె పక్కన నిలబడి, "తిరగనీ. ఇప్పుడు ఆపొద్దు. హోసు వైపు చూడు," అన్నాడు. ఆమె చూసింది. వేళ్లు మెల్లగా వచ్చాయి. హోసులో బుస తగ్గి, సన్నబడి, ఆగింది.

మిగిలిన పని చీకట్లో, వెల్లకిలా. డ్యాష్‌బోర్డు కింద, డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట తల పెట్టి పడుకుంటే పైన వైర్ల గుత్తులు, వాటి వెనక చల్లగాలిని పుట్టించే కూలింగ్ కాయిల్, దాంట్లోకి రెండు పైపులు వచ్చి కలిసే చోటు. ఆ గ్యాసు గాలికన్నా బరువైంది, పైకి పోదు, కిందికి దిగి మూలల్లో నిలబడుతుంది అని అల్తాఫ్ ఎప్పుడూ చెబుతాడు. అంటే ఇంకా ఏమైనా మిగిలి ఉంటే సరిగ్గా తన ముఖం ఉన్నచోటే ఉంటుంది. ముక్కుతో పీల్చింది. రబ్బరు మ్యాటు, ఎండకు కాగిన ప్లాస్టిక్, ఎవరో తిన్న కమలాపండు తొక్క. ఇంకోసారి పీల్చింది. పానాకు గుడ్డ చుట్టి ఉంది, ఇనుము ఇనుముకు తగలకూడదు. తగిలితే, తగిలితే ఏమవుతుందో తెలుసు, ఆ ఆలోచన వద్దు, తబస్సుమ్ జడ గురించి ఆలోచించు. కూతురు తబస్సుమ్ సెలవులకు మార్కాపురంలో పిన్ని ఇంట్లో ఉంది. చిన్నప్పుడు దానికి జడ వేసేటప్పుడు వెనక పాయ కనపడదు, వేళ్లకే తెలియాలి, ఇది కూడా అంతే, ఇది పై నట్టు, ఇది కింది నట్టు. కింది నట్టు అడ్డంగా బిగించి ఉంది, ఎవడో ఆత్రంగా, బలంగా, మర చుట్టు తప్పినా చూసుకోకుండా బిగించాడు. తిప్పింది. రాలేదు. మోచేయి పక్కకు పెట్టి మళ్లీ తిప్పింది. బుస్స్‌మంది.

చావు ముంగిట పలికే కలిమా నోట్లో సగం దాకా వచ్చి ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. ముఖం మీద చల్లగా ఒక ఊపిరి తగిలి పోయింది, పైపు మూలలో దాక్కున్న చివరి బుక్కెడు గ్యాసు. తర్వాత నిశ్శబ్దం. బయట విసనకర్ర చప్పుడు, చాలా దూరంలో రైలు. ఆమె కదలకుండా పడుకుని, ఒళ్లంతా చెమట కారుతుంటే, ఆ రైలు గేటు దాటిపోయేదాకా విన్నది. "తొందర్లేదు," అన్నాడు అల్తాఫ్ తలుపు దగ్గర నుంచి. "ఉన్నావా?" అన్నాడు మళ్లీ. "ఉన్నా," అంది. వేళ్లు పైపు కొసను వెతికి రబ్బరు రింగును పట్టుకున్నాయి. బయటికి తెచ్చి చూస్తే ఎండి గట్టిపడి, ఒకచోట తెగి ఉంది. కాయిల్ బాగుంది, పైపు బాగుంది. ఇంత పెద్ద బండి, ఇంతమంది ప్రాణాలు, చూపుడువేలి గోరంత రబ్బరు ముక్క దగ్గర పోబోయాయి. దాన్ని మార్చకుండా గ్యాసు మాత్రం పోసినవాడికి ఒక్క నిమిషం పని మిగిలింది. కొత్త రింగుకు నూనె రాసి తొడిగింది, చుట్టు కుదిరే దాకా చేత్తోనే తిప్పి, ఆ తర్వాతే పానా పెట్టింది.

లీకు చూడడానికి నైట్రోజన్ ఎక్కించి, కీళ్ల మీద సబ్బు నురుగు రాసి, ఒక్క బుడగ కూడా లేవకపోతే మళ్లీ రాసి, మళ్లీ చూసింది. పైపుల్లోని గాలిని లాగేసే వాక్యూమ్ పంపు ఆడుతున్నంతసేపు చెయ్యడానికి ఏమీ లేదు. నీళ్లు తాగుతుంటే కుర్చీలోంచి రంగనాయకులు చెయ్యి ఆడించి పిలిచాడు. "ఏ ఊరు మీది, అమ్మా?" మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"మార్కాపురమే, పెద్దాయనా. మా అబ్బా పలకలు కోసేటోడు."

"ఎవరి దగ్గర?"

పేరు ఆమె నాలుక మీదే ఉందా, లేదా? అబ్బా ఎన్ని చోట్ల చేశాడో, ఏ ఫ్యాక్టరీ పేరు చెప్పేవాడో నిజంగానే గుర్తులేదా, లేక గుర్తు తెచ్చుకోవడానికి భయమా? ఈయన పేరే అయితే ఏం చెయ్యాలి, ఆ పంపు ఆపేసి పొమ్మంటుందా? "శానా చోట్ల చేసినాడు," అంది.

ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. "ఆ దుమ్ములోనే కూర్చుని లెక్కలు రాసుకున్నా," అన్నాడు. "మూతికి గుడ్డ కట్టుకోండని ఒకరికి చెప్పింది లేదు, నేను కట్టుకుందీ లేదు. ఇప్పుడు నాకు చావంటే భయం లేదమ్మా. గాలి అందకపోతే, ఆ కాసేపు... అదే భయం." మనోజ్ఞ తల పక్కకు తిప్పుకుంది. అబ్బా కూడా చివర్లో కిటికీ వైపు చేత్తో చూపించేవాడు, ఉన్న కిటికీ తెరిచే ఉండేది, ఇంకో కిటికీ లేదు ఆ ఇంట్లో. "ఇంకొంచెంసేపే, పెద్దాయనా," అంది. అది తండ్రికి చెప్పలేకపోయిన మాటో, ఈయనకు చెప్పిన మాటో ఆమెకే తెలియలేదు.

సరైన గ్యాసును తూకం వేసి ఎక్కించాక ఇక తాళం తిప్పడమే మిగిలింది. లోపల వాసన లేదు, మూలమూలా పీల్చి చూసింది. మనోజ్ఞను కూడా పిలిచి పీల్చమంది, ఆ వాసనను మొదట నమ్మింది ఆ అమ్మాయే గనక. లేదక్కా, అంది మనోజ్ఞ. అయినా ముబాషిరా కుర్చీని గోడ అవతలికి జరిపించింది, అత్తను పంపించింది. రాజేష్ తాను తిప్పుతానన్నాడు, వద్దంది. అల్తాఫ్ ఏమీ అడగకుండా వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"దిగు," అంది.

"ఏం కాదులే. నేనూ ఉంటా."

"ఏం కాదని నాకూ తెలుసు. దిగు. తబస్సుమ్‌కు ఒకరన్నా ఉండాల."

అతను దిగాడు. గోడ దగ్గరికి పోలేదు, బండి ముందు, అద్దంలోంచి ఆమెకు కనపడేచోట నిలబడ్డాడు. అంతకంటే దూరం పంపడం ఆమె వల్ల కాలేదు. తాళం చెవి ఎండకు కాలుతోంది. అన్నీ చూశాను, అన్నీ చూశాను, ఏం చూడలేదు, ఫ్యాను స్విచ్చి కూడా అన్నీ చూశాకే గదా, ఇంకేదో ఉంటుంది చూడనిది, ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అద్దం అవతల అల్తాఫ్ రెప్ప వెయ్యడం లేదు. ఆమె తిప్పింది.

ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఏసీ బటన్ నొక్కింది. మొదట వేడిగాలి, దుమ్ము, తర్వాత కాస్త తగ్గిన వేడి, తర్వాత ముంజేతి మీద వెంట్రుకలు లేచేంత చల్లదనం. వాసన లేదు. పెద్దాయన్ను ఎక్కించారు, మిషను పైపు తగిలించారు, పెదాల రంగు వెంటనే ఏమీ మారలేదు గానీ ఆయన కళ్లు మూసుకుని మెడ వెనక్కి వాల్చాడు. మనోజ్ఞ ముబాషిరా రెండు చేతులూ పట్టుకుంది, ఏదో అనబోయి అనలేక, ఇంటికి చేరగానే ఫోన్ చేస్తానంది. బండి కంభం రోడ్డు ఎక్కి మలుపు తిరిగింది.

అంతా ఆగిపోయినట్టున్న ఆ షెడ్డులో ముబాషిరా నేల మీద కూర్చుండిపోయింది. భయం ఇప్పుడు వచ్చింది, తీరిగ్గా, పాదాల నుంచి. ఇక్కడితో అయిపోలేదు, అనిపిస్తోంది, ఏదో మిగిలింది. ఆ రింగు మార్చకుండా నట్టు బిగించిన చెయ్యి. ఆ చెయ్యి ఇప్పుడు ఏం చేస్తోంది? కడప దాటాక రోడ్డు పక్కన ఒక షెడ్డులో, నిన్న రాత్రికి అక్కడ ఆగినప్పుడు గ్యాసు పోయించామని చెప్పి, పోయేముందు రాజేష్ ఆ నెంబరు ఇచ్చి పోయాడు. తిట్టడానికి కావాలా అక్కా అని అడిగాడు. ఆమె ఫోన్ చేసింది.

"జీవానందం," అన్నాడు అవతల మనిషి. వెనకాల ఏవో బండ్ల చప్పుడు. ఆమె చెప్పింది విని ముందు కోప్పడ్డాడు. అందరూ అదే పోస్తాండారు, చల్లగా రాలేదా, దుకాణంలో అదే అమ్ముతాండారు, నన్నెందుకు అడుగుతావు అన్నాడు.

"నేను కొట్లాడడానికి చెయ్యలేదు, అన్నా," అంది ముబాషిరా. "నాకు భయమై చేసినా. మా ఆయన చేతులు దీంట్లోనే కాలిపోయినాయి. ఆయన కూడా నీ మాదిరే ఈ పనే చేసేటోడు."

అవతల బండ్ల చప్పుడు సన్నబడింది. అతను ఆ చప్పుడు నుంచి దూరంగా నడిచినట్టున్నాడు.

"వేరే బండ్లకు గూడా పోసినావా?" అని అడిగింది.

"పోసినా."

"లీకు చూసినావా?"

"పొద్దున ఒకటి పోయింది," అన్నాడు. గొంతు మారిపోయింది. "పెండ్లి బండి. ఇరుగ్గా కూర్చున్నారు, సంటిపిల్లలు కూడా. ఏసీ ఫుల్లుగా పెట్టుకుని అద్దాలెత్తుకుని పోయినారు. వాసన వస్తాందని ఎవురో అంటే, కొత్త గ్యాసు గదా, పోతాదిలే అంటినక్కా నేను."

"వాళ్ల నెంబరుందా?"

"ఉంది."

"చెయ్యి. ఇంకో ఫోన్లోంచి, ఇప్పుడే. ముందు అద్దాలు దించమను. బండి పక్కకు తీసి అందరినీ దూరంగా దింపమను. ఎవురూ బీడీ ముట్టించొద్దను."

"అక్కా, నువ్వు పెట్టేయొద్దు," అన్నాడు జీవానందం. "లైన్లోనే ఉండు. నాకు మాట వస్తాదో రాదో."

ఆమె ఉంది. అల్తాఫ్ వచ్చి పక్కన కూర్చుని ఫోనుకు చెవి దగ్గరగా పెట్టాడు. జీవానందం వైపు నుంచి ఇంకో ఫోను మోగడం సన్నగా వినపడుతోంది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఎత్తలేదక్కా, అన్నాడు. మళ్లీ చెయ్యి, అంది. మళ్లీ మోగింది. డోలు చప్పుడుకు వినపడి ఉండదు, పాటలు పెట్టుకుని ఉంటారు, ఆపి టీ తాగుతున్నారేమో, టీ దగ్గర పొయ్యి, ఎవరో ఒకరు అగ్గిపుల్ల, వద్దు, అట్లా అనుకోవద్దు, మోగనీ, మోగుతోందంటే ఫోను ఉంది, ఫోను ఉందంటే బండి ఉంది. మోగుతున్నది మధ్యలో తెగింది. ఎక్కడో చాలా దూరాన ఒక ఆడమనిషి నవ్వుతూ "ఎవరూ?" అంది, ఆమె వెనక పిల్లలు పోట్లాడుకుంటున్నారు.

"అమ్మా," అన్నాడు జీవానందం, "ముందు అద్దాలు దించండమ్మా."

ఏమిటి, ఎవరు, ఎందుకు అని ఆ నవ్వు గొంతు అడిగింది. అతను మళ్లీ చెప్పాడు, ఈసారి ఏడుస్తూ చెప్పాడు. అద్దం దిగుతున్న చప్పుడు వినపడింది. ఆ తర్వాత పిల్లల మాటలు, పాట, అన్నీ మునిగిపోయేటట్టు, ఫోను నిండా హోరుమని గాలి.